రెండో బిళ్ల

నా కుడి అరచేతిలో ఒక బరువు ఉంది. ఇత్తడి బిళ్ల బరువు. పాత రూపాయి కన్నా కాస్త వెడల్పు. అంచులు అరిగి నున్నగా ఉంటాయి, మధ్యలో నంబరు చెక్కి ఉంటుంది, పైన తీగ దూరేంత చిల్లు. దాన్ని ఇంకొకరి చేతిలో పెట్టేసి పదేళ్లు దాటింది. బరువు మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. అన్నం కలుపుతుంటే ఉంటుంది. పాపకు జడ వేస్తుంటే ఉంటుంది. ప్రార్థనకు చేతులు జోడిస్తే రెండు చేతుల మధ్య ఉంటుంది.

మీరెవరో నాకు తెలియదు. తెలియదు కనుకనే చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లెవరికీ చెప్పలేదు. అమ్మకు చెప్పలేదు. మా ఆయనకు చెప్పలేదు. పాస్టరుగారి ముందు ఒకసారి నోరు తెరిచి, కడుపులో మంటగా ఉంటోందని చెప్పి, ఆ మంటకు ప్రార్థన చేయించుకుని వచ్చాను.

మా ఆయన కరెంటు ప్లాంటులో నైట్ షిఫ్టుకు వెళ్లాడు. పాప పడుకుంది. జ్యోతినగర్‌లో మా క్వార్టరు కిటికీలోంచి ప్లాంటు చిమ్నీలు కనబడతాయి. వాటి మీద ఎర్ర దీపాలు ఆరుతూ వెలుగుతూ ఉంటాయి. పాప వాటిని ‘లైట్ హౌస్’ అంటోంది. ఆ మాట దానికి వాళ్ల నాన్న నేర్పాడు. నేను ఆ కిటికీకి మందపాటి తెర కట్టాను.

రాష్ట్రం వేరవుతుందని ఖాయమైన రోజులివి. మొన్న ఒక ఆదివారం పేపర్లో ఆ లైట్ హౌస్ గురించి పేజీ నిండా వేశారు. గోదావరి సముద్రంలో కలిసేచోట, మడ అడవులకు అవతల, ఇసుక దిబ్బ చివర నిలబడ్డ తెల్లటి స్తంభం. ఇప్పుడు పెద్ద పడవలు వేశారట. మెట్లకు కొత్త రెయిలింగు పెట్టారట. పైనుంచి సూర్యుడు మునగడం చూడటానికి సెలవు రోజుల్లో జనం బారులు తీరుతున్నారట. మా ఆయన పాపను ఒళ్లో కూర్చోబెట్టుకుని అంతా గట్టిగా చదివాడు.

“పోదాం పా. రేపు సముద్రమంత ఆళ్ల దిక్కు పోతది. మనకు మిగిలేది ఉట్టి గోదారి. గా పంపకం కాకముందే పాపకు చూపిచ్చుకొస్త” అన్నాడు.

“వద్దు.”

“ఎందుకే?”

“వద్దంటె వద్దు.”

“ఏందో, లైట్ హౌస్ అంటె దయ్యం పేరు చెప్పినట్టు జేస్తున్నవ్” అని నవ్వాడు.

ఆయనది వేరే ఊరు, మందమర్రి. మా పెళ్లినాటికి ఆ సంగతి జరిగి కొన్నేళ్లయింది. మా దిక్కు అమ్మాయి ఒకతె నీళ్లలో పోయిందని విని ఉంటాడు. ఏ నీళ్లలోనో, ఎవరి వల్లనో ఆయనకు తెలియదు. ఆ మెట్లు నేను ఎక్కానని తెలియదు.

ఆ ఏడు నేను డిగ్రీ చదువుతున్నాను. గోదావరిఖనిలో గని కార్మికుల క్వార్టర్లలో ఉండేవాళ్లం. నాన్నది బాయి పని. బొగ్గు గనిని మా దగ్గర బాయి అంటారు. మా చర్చి కుటుంబాలు వేసవిలో కలిసి ఎక్కడికైనా వెళ్లడం అలవాటు. ఆ ఏడు సముద్రం మాట ఎత్తింది ఏసోబు కాక. “పుట్టినసంది ఈ గోదారి ఒడ్డుకే బతుకుతున్నం. ఇది పొయ్యి ఏడ కలుస్తదో ఒక్కసారన్న చూడొద్దా?” అన్నాడు. అందరికీ నచ్చింది. ఒక బస్సు, ఒక వ్యాను మాట్లాడారు.

ఏసోబు కాక నాన్నకు స్నేహితుడు. బాయి మీద ల్యాంప్ రూమ్‌లో పనిచేసి అప్పుడే రిటైరయ్యాడు. గనిలోకి దిగే ప్రతి మనిషీ తలకు కట్టుకునే బత్తిని అక్కడే తీసుకోవాలి. తీసుకునేటప్పుడు తన నంబరున్న ఇత్తడి బిళ్లను అక్కడ ఇవ్వాలి. పైకి వచ్చాక బత్తి ఇచ్చి బిళ్ల వెనక్కు తీసుకోవాలి. షిఫ్టు దిగాక ల్యాంప్ రూమ్‌లో ఒక్క బిళ్ల మిగిలిందంటే ఒక మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. అప్పుడు అక్కడ ఎవరూ ఇంటికి పోరు. బావమరిది తొందరపడి ముందే ఇంటికి పోతే అతని బత్తి తానే తెచ్చి ఇచ్చి, అతని బిళ్ల కూడా అడిగిన ఒకాయనను కాక గేటు దాటనివ్వలేదట. ఆ బావమరిదిని ఇంట్లో నుంచి పిలిపించి, కళ్లతో చూశాకే బిళ్ల ఇచ్చాడట. “ఒకని బిళ్ల ఇంకొకడు అడిగిండంటె, ఆ మనిషిని కిందనే పెట్టి తాళమేసినట్టు” అనేవాడు. చిన్నప్పటినుంచీ ఆ మాట వింటూ పెరిగాను. తెలియక చేశాననడానికి నాకు అవకాశం లేదు.

ప్రయాణానికి కాక ఒక సంచి తెచ్చాడు. దాని నిండా, మూతపడిన బాయి తాలూకు పాత బిళ్లలు. సముద్రం దగ్గర పిల్లాజెల్లా తప్పిపోకుండా ఇదే లెక్క అన్నాడు. కాకపోతే బాయి పద్ధతిని తిరగేశాడు. దిబ్బ మీదికి పోయేవాళ్లకు ఆయనే ఒక్కో బిళ్ల ఇస్తాడు. తిరిగొచ్చేటప్పుడు ఆయన చేతిలో పెట్టాలి. ల్యాంప్ రూమ్‌లోలా బిళ్లలు తగిలించే మేకుల పలక లేదు కనుక, తిరిగి ఇచ్చిన వరసలోనే ఒక తీగకు గుచ్చుకుంటాడు.

“కాకా, మనం సముద్రం చూడవోతున్నమా, ఫస్ట్ షిఫ్టుకు పోతున్నమా?” అంది సునీల. బస్సంతా నవ్వింది.

“నవ్వు బిడ్డా నవ్వు. ముందుగాల నీకే హాజరు వేస్త” అన్నాడు కాక.

సునీల పేరు రాయడానికి ఇంతసేపు పట్టింది నాకు.

మా పక్కింటి మార్తమ్మ కూతురు. ఒక్కతే. తండ్రి చిన్నప్పుడే పోయాడు. మేమిద్దరం ఒకే క్లాసు, ఒకే బెంచీ. మార్తమ్మ దవాఖానలో ఆయాగా చేసేది. ఆ వారం సెలవు దొరకలేదు. బస్సు దగ్గరికి వచ్చి, కూతురి చెయ్యి పట్టుకుని, ఏసోబు కాక చేతిలో పెట్టింది. “నీ చేతుల పెడుతున్న అన్నా.” “ఫికర్ జెయ్యకు చెల్లె. లెక్క నాది” అన్నాడు కాక. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఈ మాటలు నాకు ఎందుకింత స్పష్టంగా గుర్తున్నాయి? మిగతా ప్రయాణం సగం మరిచిపోయాను.

దిబ్బకూ మేము దిగిన ఒడ్డుకూ మధ్య చిన్న పాయ ఉంది. పాటు ఉన్నప్పుడు, అంటే సముద్రం వెనక్కు లాగినప్పుడు, అందులో పిక్కల దాకే నీళ్లు. నడిచి దాటొచ్చు. పోటు వస్తే పడవే గతి. అక్కడి మనుషులు పొద్దు వాలకముందే తిరిగి రమ్మని చెప్పారు. మేము తలూపాం. కానీ మాకు అర్థం కాలేదు. ఇప్పుడు తెలుస్తోంది, అసలేమీ అర్థం కాలేదు. మా దగ్గర వేసవిలో గోదావరి అంటే ఇసుక. మధ్యలో మోకాటి లోతు మడుగులు. పొద్దున ఎంత ఉంటే సాయంత్రం అంతే. పైన వాన పడకుండా, ఎవరూ గేట్లు ఎత్తకుండా, అదే గోదావరి సాయంత్రానికి తనంతట తాను లేచి నిలబడుతుందని మా ఊరివాళ్లకు ఎవరు చెప్పినా ఎక్కదు.

పాయ దాటేముందు కాక బిళ్లలు పంచాడు. నాది తొమ్మిది. సునీల శంఖాలు అమ్మే ముసలమ్మ దగ్గర ఆగిపోయి చివరికి వచ్చింది. దానికి ఆఖరి నంబరు వచ్చింది.

లైట్ హౌస్ దగ్గర ఒక ఉద్యోగి మమ్మల్ని పైకి తీసుకెళ్లాడు. నడివయసు మనిషి, గోదావరి జిల్లా మాట. అక్కడికి వచ్చినవాళ్లందరికీ చెప్పే కథే మాకూ చెప్పాడు. వెనకటికి అక్కడ స్తంభం లేదట. పొడవాటి టేకు దుంగ పాతి, దాని కొసకు నూనె లాంతరు వేలాడదీసేవారట. గాలివానకు లాంతరు ఆరితే ఓడలు ఇసుకలో కూరుకుపోయేవట. తరవాత తెల్లదొరలు ఈ స్తంభం కట్టారు. విదేశం నుంచి అద్దాలు తెచ్చారు. మనిషంత ఎత్తున, ఇత్తడి చట్రంలో అంచెలంచెలుగా అమర్చిన అద్దాలు. చిన్న దీపాన్ని అవి సముద్రం మీదికి ఈటెలా విసురుతాయి. కరెంటు రాకముందు రాత్రంతా ఒక మనిషి కూర్చుని బరువు కట్టిన గొలుసును చుడుతూ ఉండాలి, అప్పుడే అద్దాలు తిరుగుతాయి. ఆ చక్రం చూసి మా నాన్న, “మన బాయిల బండ్లు గుంజే యంత్రమే కద ఇది” అని చేత్తో తడిమి మురిసిపోయాడు. ఇంకొకాయన, “మనం కిందికి దిగి బత్తి పట్టుకుంటం, ఈయన మీదికెక్కి పట్టుకుంటడు. ఈయనకు దుమ్ము లేదు, గంతే తేడా” అన్నాడు.

ఒకప్పుడు అక్కడ రేవు ఉండేదట. నది మట్టి తెచ్చి తెచ్చి పోసింది. సముద్రం జరిగిపోయింది. ఓడలు మానేశాయి. కాపలావాళ్ల కుటుంబాలు ఉండే ఇళ్లను ఒక ఉప్పెన ఊడ్చుకుపోయింది. పునాది రాళ్లు చూపించాడు. స్తంభం మాత్రం మిగిలింది, చూసేవాళ్ల కోసం.

“ఈ దీపం చూసే ఓడలు ఇటు వస్తయా?” అని సునీల అడిగింది.

“అందరూ అలాగే అనుకుంటారండి. రమ్మని కాదండి పిలిచేది. ఇక్కడ నేల ఉంది, దగ్గరికి రాకండి అని చెప్పడానికండి” అన్నాడాయన.

సునీల తల ఎత్తి ఆ అద్దాల వైపు చూసింది. గాలికి దాని చున్నీ రెయిలింగుకు కొట్టుకుంటోంది. కింద మా గోదావరి బూడిద రంగులో, పాయలు పాయలుగా, ఎటు పోవాలో తెలియనట్టు పరుచుకుని ఉంది. నాకు కళ్లు తిరిగాయి. దిగిపోదామన్నాను.

కింద నుంచి కాక కేకలు మొదలుపెట్టాడు. “జల్ది రండ్రి! నీళ్లు మర్లవట్టినయ్!”

అందరూ దిగడం మొదలుపెట్టారు. సునీల కదల్లేదు. దీపం వెలిగించే వేళకు చూసేవాళ్లను పైన ఉండనివ్వరు, కానీ అది ఆ ఉద్యోగిని బతిమాలి ఒప్పించింది. ఇంకొంచెంసేపు, అంతే. బిళ్ల తీసి నా చేతిలో పెట్టింది.

“నాది గూడ ఇచ్చెయ్. దీపం వెలగంగనే ఉరికొస్త.”

“కాక అరుస్తడే.”

“అందుకే కద బిళ్ల ఇయ్యమంటున్న. అది ముట్టిందంటె ఆయనకు నేనొచ్చినట్టే!” అని నవ్వింది.

నేను తీసుకున్నాను. ఒక్కసారి కూడా కాదనలేదు. ఎందుకు తీసుకున్నాను? స్నేహమా? కొంత. కాక అరిస్తే నాన్న ముందు నాకూ తిట్లు పడతాయన్న భయమా? అదీ కొంత. అడుగున ఇంకొకటి ఉంది. దాన్ని బయటకు లాగడానికి ఏళ్లు పట్టింది. సునీల దేనికీ భయపడేది కాదు. అడిగితే ఆ మనిషి ఒప్పుకున్నాడు. నేను అడగలేను, ఎవరూ నాకు ఒప్పుకోరు. ఉండనీ, వెనకబడి పరుగెత్తుకొచ్చి, అందరి ముందు తిట్లు తిననీ. ఒక్కసారన్నా తిననీ. అలా అనుకున్నాను. మెట్లు దిగుతూ అనుకున్నాను.

దిబ్బ అంచున కాక చెయ్యి చాపి నిలబడ్డాడు. ఒక్కొక్కరూ బిళ్ల పెట్టి నీళ్లలోకి దిగుతున్నారు. ఆయన తీగకు గుచ్చుకుంటున్నాడు. నా వంతు వచ్చింది. రెండు బిళ్లలూ ఒకదాని మీద ఒకటి పెట్టి, ఒక్కటిలా ఆయన అరచేతిలో ఉంచాను. ఆయన వేళ్లు మూసుకున్నాయి. ఒక్క క్షణం ఆగాయి. నా వెనక పిల్లాడిని ఎత్తుకున్న తల్లి తోసుకొచ్చింది. నేను నీళ్లలోకి దిగిపోయాను.

సగం పాయలో ఉండగా ఎవరో “అగో!” అన్నారు. వెనక్కు తిరిగాను. స్తంభం కొసన దీపం వెలిగింది. ఇంకా చీకటి పడలేదు కనుక ముందు చిన్న చుక్కలా ఉంది. తరవాత తిరిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నీళ్లు అప్పటికి నా మోకాళ్లు కూడా దాటలేదు.

మిమ్మల్ని ఇక్కడే ఆపుతాను. ఎందుకంటే నేను పదేళ్లుగా ఇక్కడే ఆగి ఉన్నాను. అప్పుడు నాకు గుర్తుంది. సునీల పైన ఉందని గుర్తుంది. మరిచిపోయానని తరవాత నాకు నేను చెప్పుకున్నాను, అది అబద్ధం. కాక అందరికన్నా వెనక, తీగ భుజానికి తగిలించుకుని నీళ్లలోకి దిగుతున్నాడు. నేను నోరు తెరిచి “కాకా, సునీల రాలే” అంటే చాలు. మూడు మాటలు. అవతల పడవలున్నాయి కదా అనుకున్నాను. ఆ పడవవాళ్లు చివరి జనాన్ని దించి ఇళ్లకు పోయారని తెలియదు. తెలుసుకోలేదు. చెబితే బిళ్ల సంగతి బయటపడుతుంది. అంతే. అదే కారణం.

ఒడ్డున కాక బిళ్లలు ఎంచాడు. సరిపోయాయి. బస్సులోవాళ్లు సునీల వ్యానులో ఉందనుకున్నారు, వ్యానులోవాళ్లు బస్సులో ఉందనుకున్నారు. బిళ్లలు సరిపోయాయి కనుక ఎవరూ మొహాలు చూసుకోలేదు. బయటివాళ్లయితే మొహాలు చూసేవారు. మాకు బిళ్ల మీద నమ్మకం. ఆ నమ్మకం మీదే మా నాన్నలు రోజూ నేల కిందికి దిగి పైకి వచ్చారు.

దారి పొడవునా నేను కిటికీలోంచి ఆ దీపం చూస్తూ కూర్చున్నాను. తిరిగి తిరిగి వచ్చి నా మొహం మీద పడినట్టు అనిపించింది. అంత దూరం పడదని తెలుసు. మేము దిగిన సత్రంలో భోజనాల దగ్గర అమ్మ అడిగింది, “సునీల ఏదే?” అని. నా పళ్లెంలో అన్నం ఉంది. తల ఎత్తలేదు.

వెతుక్కుంటూ తిరిగి వెళ్లేసరికి పాయ లేదు. సముద్రమే ఉంది. పడవ దొరికి అవతలికి చేరాక ఆ ఉద్యోగి ఏడుస్తూ చెప్పాడు. దీపం వెలగ్గానే అమ్మాయి దిగిపోయిందట. తనవాళ్లు వెళ్లిపోయారని చూసి కూడా భయపడలేదట. పడవ కోసం కబురు చేస్తాను, ఆగమన్నాడట. “వచ్చేటప్పుడు పిక్కల దాకనే ఉండె కద, ఉరికితే అందుకుంట” అని నవ్విందట. అతను పైన పని చూసుకుని వచ్చేలోపు లేదు. పొద్దున మడ చెట్ల వేర్లలో దొరికింది. అంతకన్నా రాయలేను.

తప్పు ఏసోబు కాకది అన్నారు. ముసలాయన, కళ్లలో పొర, లెక్క తప్పాడన్నారు. సునీల బిళ్ల ఆమెకు ఇవ్వనే లేదేమో, సంచిలోంచి పొరపాటున తీగకు గుచ్చుకున్నాడేమో అన్నారు. ఆయన ఎదురు చెప్పలేదు. “బిళ్ల నా చేతికొచ్చింది” అని మొదటి రోజు ఒక్కసారి అన్నాడు. మార్తమ్మ ఆయన చొక్కా పట్టుకుని, “చేతికొస్తె నా బిడ్డేది?” అంది. ఆ తరవాత ఆయన ఆ మాట కూడా అనలేదు. చర్చికి రావడం మానేశాడు.

ఒకే ఒక్కసారి నన్ను అడిగాడు. సమాధుల దగ్గర ప్రార్థన అయ్యాక, అందరూ వెళ్లిపోతుంటే, గేటు పక్కన ఆగి ఉన్నాడు.

“బిడ్డా, నువ్వు బిళ్ల ఇచ్చేటప్పుడు నీ ఎనుక ఎవరున్నరు?”

“యాదికి లేదు కాకా.”

“సునీల ఉండెనా?”

నేను నా చెప్పుల వైపు చూశాను. “ఉండె కావచ్చు కాకా.”

ఆయన గేటు తీసి పట్టుకున్నాడు. “మంచిది బిడ్డా. ఇంటికి పో. ఎండకొడుతున్నది” అన్నాడు.

మొదటి తప్పుకు వయసు అడ్డం పెట్టుకోవచ్చు. పోటు గురించి తెలియకపోవడం అడ్డం పెట్టుకోవచ్చు. ఈ రెండో దానికి ఏం అడ్డం పెట్టుకోను? “ఉండె కావచ్చు” అన్నాను. ఉన్నదని కూడా అనలేదు. అబద్ధాన్ని కూడా సగమే ఆడాను, మిగతా సగం ఆయన మీద వేశాను.

పెళ్లయింది. జ్యోతినగర్ వచ్చాను. నేను కడుపుతో ఉండగా కాక పోయాడు. పరామర్శకు వెళ్లాను. ఆయన భార్య రాహేలమ్మ నన్ను లోపల కూర్చోబెట్టింది. తలుపు వెనక మేకుకు ఆ తీగ వేలాడుతోంది. బిళ్లలన్నీ అలాగే ఉన్నాయి.

“ఎవ్వల్ని ముట్టనియ్యలె బిడ్డా. ఎట్లున్నయో అట్లనే ఉండాలన్నడు” అంది రాహేలమ్మ. “ఎన్ని దినాలో ఒక్కటే పని. కండ్లు మూసుకుని చెయ్యి చాపి కూసునేటోడు. రెండు గిన్నె మూతలో, రెండు పైసలో తెచ్చి పెట్టమనేటోడు. ఒకపారి ఒకటి పెట్టేదాన్ని, ఒకపారి రెండు కలిపి పెట్టేదాన్ని. ఒక్కపారి గూడ తప్పు చెప్పలె. రెండంటె రెండే, ఒకటంటె ఒకటే. చెప్పి, ఆఖరికి ఏడ్సెటోడు.”

నేను లేచి తలుపు దగ్గరికి వెళ్లాను. తీగ మీద నా తొమ్మిదో నంబరు ఉంది. దాన్ని ఆనుకుని సునీలది, ఆఖరి నంబరు. ఇచ్చిన వరస అది.

ఆయనకు తెలుసు. గేటు దగ్గర నన్ను అడిగిన రోజుకే తెలుసు. తెలిసీ ఎందుకు చెప్పలేదు? పెళ్లి కావలసిన పిల్ల, బదనాం అవుతుందనా? నాన్న మొహం చూసా? లేక బిళ్ల చేతికి రాగానే వేళ్లు ఆగాయి కదా, అప్పుడే తల ఎత్తి మనిషిని చూడలేదు కదా, ఆ ఒక్క క్షణం తనదే అనుకున్నాడా? లేక నేనే వచ్చి చెబుతానని చూశాడా? వాళ్ల ఇంటి ముందు నుంచే కాలేజీకి పోయేదాన్ని. అరుగు మీద కూర్చుని ఉండేవాడు. “పోతున్నవా బిడ్డా?” అనేవాడు. “పోతున్న కాకా” అనేదాన్ని. అలా ఎన్నాళ్లు.

ఆ రోజు నుంచి నాకు పాప గురించి భయం పట్టుకుంది. అప్పటికి అది పుట్టనైనా లేదు. పుట్టాక, నిద్రలో దాని ఛాతీ మీద చెయ్యి పెట్టి చూస్తాను. బజారులో దాని మణికట్టుకు నా చున్నీ కొస చుడతాను. బకెట్లో నీళ్లు నిండుగా ఉంచను. స్కూలు బస్సు దిగేటప్పుడు పిల్లలందరినీ చూస్తాను, నా పిల్ల దిగినా సరే ఆఖరి పిల్ల దిగేదాకా అక్కడే ఉంటాను. డ్రైవర్ నవ్వుతాడు. ఒక తల్లి దగ్గర తీసుకున్నది ఇంకో తల్లి దగ్గర వసూలవుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. నేనే చెప్పుకుంటాను. మా ఆయన లైట్ హౌస్‌కు పోదామన్న నాటి నుంచి ఆ పాయ నీళ్లు మా గడప దాకా వచ్చినట్టుంది.

మొన్న పాపను తీసుకుని అమ్మ వాళ్లింటికి వెళ్లాను. నల్లా దగ్గర రాహేలమ్మ నీళ్లు పట్టుకుంటోంది. మార్తమ్మ వచ్చింది. ఇద్దరూ ముసలివాళ్లయిపోయారు. రాహేలమ్మ గౌరవంగా పక్కకు జరిగి, మార్తమ్మ బిందె తానే నల్లా కింద పెట్టింది. మార్తమ్మ ఆ బిందె ఎత్తి, నీళ్లు పారబోసి, కడిగి మళ్లీ పెట్టుకుంది. ఇన్నేళ్లుగా అంతేనట. మార్తమ్మ నా పాపను చూసి దగ్గరికి తీసుకుంది, తల నిమిరింది.

“నా సునీలకు గూడ గీపాటి పిల్ల ఉంటుండె. ఈమె పెనిమిటి లెక్క తప్పకుంటె” అంది.

నన్ను చూసి నవ్వింది. ప్రేమగానే నవ్వింది. సునీల స్నేహితురాలినని నా మీద ఆమెకు ఎప్పుడూ ప్రేమే. నా పెళ్లికి చీర పెట్టింది. కట్టుకున్నాను.

ఇంటికి వస్తుంటే ఆటోలో పాప అడిగింది, “అమ్మా, లెక్క తప్పుడంటె ఏంది?”

దాన్ని ఒళ్లోకి లాక్కున్నాను. గట్టిగా పట్టుకున్నానేమో, “నొస్తంది” అంది.

అందుకే రాస్తున్నాను. మీరు క్షమిస్తారని కాదు. మీరు క్షమించే వరసలో లేరు. ఆ వరసలో ఉన్న ముగ్గురిలో ఇద్దరు మట్టిలో ఉన్నారు. మూడో ఆమె బిందె కడుక్కుంటోంది. ఆమెకు చెబితే ఏమవుతుంది? నా మొహం మీద ఉమ్మేయవచ్చు. నా పాప తల నిమిరిన చేతిని కడుక్కోవచ్చు. రాహేలమ్మకు నేను ఎలా ఎదురుపడతాను? మా ఆయన ఏమంటాడో, ఈ ఇంట్లో నేను ఇక ఎలా ఉంటానో తెలియదు. పొద్దునకు ఈ ధైర్యం ఉంటుందో లేదో కూడా తెలియదు. నా ధైర్యం సంగతి నాకు తెలుసు. సగం పాయలో ఆగిపోయే ధైర్యం అది.

కనుక ఈ కాగితాలు దాచను. టేబులు మీదే ఉంచుతాను, ఆయన టిఫిన్ డబ్బా పెట్టేచోట. షిఫ్టు దిగి వచ్చాక చూస్తాడు. చదువుతాడు. ఆ తరవాత నేను ఆగిపోదామనుకున్నా ఆగలేను.

ఇందాక లేచి కిటికీ తెర తీశాను. ఎర్ర దీపాలు ఆరుతూ వెలుగుతూ ఉన్నాయి. చెయ్యి ఇంకా బరువుగానే ఉంది. కానీ ఇన్నేళ్లలో మొదటిసారి ఆ చెయ్యి తెరిచి ఉంది.

ఏసోబు కాక లెక్క తప్పలేదు. ఆ రెండో బిళ్ల ఇచ్చింది నేను.